రక్తశుద్ధియు వార్ధక్యమును



రక్తశుద్ధి యను మాట మన పల్లెలకు క్రొత్తది కాదు. ఒంట సెగగడ్డ లేచినను, దురద పుట్టినను, ఆకలి మందగించినను "నెత్తురు చెడినది, శుద్ధి చేసికొనవలెను" అని పెద్దలు చెప్పుదురు. అందులకై వేపచిగురు నమలుట, సుగంధిపాల వేళ్ల కషాయము త్రాగుట, సంతలో అమ్ము సీసామందు కొని తెచ్చుకొనుట మనయందు వాడుక. ఈ పాత మాటకు ఇటీవల క్రొత్త వేషము వచ్చినది. నెత్తురును యంత్రములో వడకట్టి ముసలితనమును వెనుకకు మరలింపవచ్చునని చెప్పి, కొన్ని దేశములలో ధనవంతులకు చికిత్సలు అమ్ముచున్నారు. ఆ వార్తలు పత్రికలలోను, చేతిఫోనులలోను మన యూళ్లకు చేరుచున్నవి.

నేను వైద్యవృత్తిలో నున్నవాడను. నాయొద్దకు వచ్చు వృద్ధులలో కొందఱును, వారికంటె ఎక్కువగా వారి కుమారులును, "నాన్నగారికి రక్తము శుద్ధి చేయించిన మఱి నాలుగేండ్లు ఆరోగ్యముగా నుందురా? ఎకరము అమ్మియైనను చేయింతుము" అని అడుగుచున్నారు. ఆ ప్రశ్న ప్రేమవలన పుట్టినది. దానికి తేలికగా బదులు చెప్పి పంపివేయుట న్యాయము కాదు. మన శరీరములో రక్తమును శుద్ధి చేయువా రెవరు, ముసలితనమున వారికి కలుగు కష్టమేమి, యంత్రము చేయగలిగిన దేమి, చేయలేని దేమి, మనము చేయవలసిన దేమి అను నాలుగు సంగతులు వరుసగా తెలిసినచో సమాధానము దానంతట అదే తేలును. నేటి ప్రసంగమున ఆ నాలుగింటిని మనవి చేసెదను.

పెద్దవాని శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. అందులో సగమునకు కొంచెము మించిన భాగము పసుపువన్నె గల ద్రవము. దానిని ప్లాస్మా యందురు. మిగిలినది కణములు. ఒక ఘన మిల్లీమీటరు రక్తమున, అనగా ఆవగింజంత బొట్టున, ఎఱ్ఱకణములు 50 లక్షల వఱకు ఉండును. తెల్లకణములు 4,000 మొదలు 11,000 వఱకు మాత్రమే యుండును. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయు కూలివాండ్రు. తెల్లకణములు ఊరికి తలారివంటివి. తలారులు ఊరిలో కొద్దిమందియే యైనను, వారు నిద్రపోయిన రాత్రి ఊరందఱికి తెలియును గదా!

ఈ తలారుల పని మొదట కనిపెట్టి లోకమునకు చెప్పినవాడు ఇల్యా మెచ్నికోఫ్ అను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు. ఆయన 1882వ సంవత్సరమున ఇటలీదేశపు సిసిలీ ద్వీపమున మెస్సీనా పట్టణములో నుండెను. సముద్రమున నక్షత్రమత్స్య మను జంతువు గలదు. దాని పిల్లలు గాజువలె పారదర్శకములు. లోపల జరుగునదంతయు సూక్ష్మదర్శినిలో కనబడును. మెచ్నికోఫ్ ఒకనాడు తోటలోని గులాబిముండ్లను తెచ్చి ఆ పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. మఱునాడు తెల్లవారుజామున చూడగా, శరీరములో తిరుగాడు కణములు గుంపులుగా వచ్చి ముల్లును చుట్టుముట్టి యుండెను. మన కాలిలో ముల్లు విఱిగినప్పుడు చీము పట్టుటకు అర్థము ఇదియే. చీము అనగా కేవలము చెడిన నెత్తురు కాదు. పోరాడి చచ్చిన తెల్లకణముల గుట్ట. శత్రువును మ్రింగి జీర్ణించుకొను ఈ కణములకు భక్షకకణములని పేరు. ఈ శోధనకే ఆయనకు 1908లో జర్మనీదేశపు పాల్ ఎర్లిఖ్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించినది.

భక్షకకణములు రోగక్రిములను చంపుటయే గాక ఇంకొక పని చేయును. అది ఊడ్పు పని. ఎఱ్ఱకణమునకు ఆయుర్దాయము సుమారు 120 దినములు. ఆ తరువాత అది ముదిసి బిఱుసెక్కును. మన శరీరములో ఒక్కొక్క సెకనునకు సుమారు 20 లక్షల ఎఱ్ఱకణములు ఇట్లు కాలము తీరి తొలగింపబడుచున్నవి. ఈ తొలగింపు ముఖ్యముగా ప్లీహమునందును, కాలేయమునందును, ఎముకల మూలుగయందును జరుగును. ప్లీహము ఎడమప్రక్క టెముకల చాటున పిడికిలియంత యుండును. తూకము 150 మొదలు 200 గ్రాములు. వెనుకటి కాలమున చలిజ్వరము ముదిరినవారికి "కడుపులో బల్ల పెరిగినది" అనెడివారు. ఆ బల్లయే ఉబ్బిన ప్లీహము.

ప్లీహములో మిక్కిలి సన్నని చీలికలు గలవు. మిల్లీమీటరులో వెయ్యవ పాలునకు మైక్రాను అని పేరు. ఎఱ్ఱకణము అడ్డము 7 లేక 8 మైక్రానులుండగా, ఆ చీలికల వెడల్పు ఒక మైక్రాను మాత్రమే. పడుచుకణము వంగి, నలిగి, సన్నపడి దానిలో దూరి అవతలికి పోవును. ముదిసిన కణము బిఱుసుగా నుండుటచే చిక్కుకొనును. అక్కడ కాచియున్న భక్షకకణము దానిని మ్రింగివేయును. మ్రింగి యూరకుండదు, అందులోని ఇనుమును జాగ్రత్తగా తీసి మరల క్రొత్త నెత్తురు కట్టుటకు పంపును. ఇట్లు దినమునకు 20 మొదలు 25 మిల్లీగ్రాముల ఇనుము తిరిగి వాడుకకు వచ్చుచుండగా, మనము తిను తిండినుండి శరీరము గ్రహించునది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ప్రమాదములో ప్లీహము చితికి, దానిని కోసి తీసివేయవలసి వచ్చినవారికి కొన్ని విధముల క్రిములు సోకిన ప్రాణాపాయ మగును. అందుచే వైద్యులు వారికి ప్రత్యేకముగా టీకాలు వేయుదురు. ఈ పిడికిలియంత అవయవము ఎంత పని చేయుచున్నదో దీనినిబట్టి తెలియును.

ఇక రెండవ వడపోత మూత్రపిండములది. అవి రెండు. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల తూకము. ఒక్కొక్క దానిలో ఇంచుమించు 10 లక్షల చిన్నచిన్న జల్లెడలు గలవు. భక్షకకణములు పట్టి మ్రింగదగిన వానిని మ్రింగును. నీటిలో కరగిపోయిన మలినములను మూత్రపిండములు వడకట్టును. ఒక దినమున ఆ జల్లెడలగుండా జాఱు ద్రవము 180 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిచిన 12 బిందెలు! మన శరీరమందలి ప్లాస్మా మొత్తము 3 లీటర్లు గావున, దానిని మూత్రపిండములు దినమునకు 60 మారులు వడకట్టుచున్నవన్నమాట. ఆ 12 బిందెలలో పనికివచ్చు నీరు, ఉప్పు, చక్కెర సర్వమును మరల రక్తములోనికి తోడి, లీటరున్నర మాత్రము మూత్రముగా బయటికి విడుచును.

ఇంతవఱకు విన్నదానినిబట్టి ఒక సంగతి స్పష్టము. మన రక్తము మలినమై పడియుండి, ఎవరో వచ్చి శుద్ధి చేయుదురని ఎదురు చూచుట లేదు. అది పుట్టుకనాడు మొదలు క్షణక్షణమును శుద్ధి యగుచునే యున్నది. చెఱువులో నీరు తేటగా నుండుట, తూములును కలుజులును పూడికయు సరిచూచు మనుష్యులను బట్టి యుండును. వారు బాగుండిన నీరు బాగుండును. కావున "రక్తము శుద్ధిగా నున్నదా?" అను ప్రశ్నకంటె "రక్తమును శుద్ధి చేయువారు బాగున్నారా?" అను ప్రశ్న సరియైనది.

ముసలితనమున వారికి వచ్చు కష్టము లెవ్వి? మొదట కావలివారి సంగతి చెప్పెదను. రొమ్ముటెముక వెనుక థైమస్ అను గ్రంథి గలదు. కావలికణములలో ఒక తెగవారికి అది బడి. ఎవడు మనవాడు, ఎవడు పరాయివాడు అను గుర్తు అక్కడ నేర్పబడును. ఈ బడి చిన్నతనమున పెద్దదిగా నుండి, యౌవనము మొదలు క్రమముగా క్షీణించి, అఱువదవ యేట చాలవఱకు క్రొవ్వుగా మారిపోవును. అందుచే వృద్ధునియందు పాత కాపరులు ఉందురు గాని క్రొత్తవారు తక్కువ. ఎన్నడు చూడని శత్రువు వచ్చినప్పుడు తడబాటు కలుగును. 2020లో కోవిడు మహమ్మారి ప్రబలినప్పుడు వృద్ధులే ఎక్కువగా మరణించుటకు ఇది యొక ముఖ్యకారణము.

రెండవ కష్టము దీనికంటె గూఢమైనది. 1961లో అమెరికాలో లియొనార్డ్ హేఫ్లిక్ అను శాస్త్రజ్ఞుడు, తన సహచరుడైన మూర్‌హెడ్‌తో కలసి, మనుష్యుని మామూలు కణములు సుమారు 50 మారులు చీలి రెండగుట జరిగిన తరువాత ఇక చీలక నిలిచిపోవునని కనుగొనెను. అట్లు నిలిచిపోయిన ముదికణములు చావవు, పని చేయవు. పైగా ప్రక్కనున్న మంచి కణములకు వాపును కలిగించు పదార్థములను విడుచును. పడుచువానియందు భక్షకకణములు మొదలైనవి వీనిని త్వరగా ఊడ్చివేయును. వృద్ధునియందు ఊడ్చువారును ముదిసినవారే గనుక చెత్త ప్రోగుపడును. అందువలన శరీరమునందు ఎడతెగని స్వల్పమైన వాపు నివురుగప్పిన నిప్పువలె రగులుచుండును. ఇటలీదేశస్థుడైన క్లౌడియో ఫ్రాన్సెస్కీ 2000వ సంవత్సరమున ఈ స్థితికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టెను. రక్తనాళములు బిఱుసెక్కుట, మధుమేహము, కండ తగ్గుట మున్నగువానిని ఈ నిప్పు ఎగదోయుచుండును. 2011లో అమెరికాలోని మేయో వైద్యసంస్థలో, యుక్తిచే ఎలుకలనుండి ముదికణములను తొలగింపగా, వానికి కంటిపొరలును కండబలహీనతయు ఆలస్యముగా వచ్చినవి. అనగా ముసలితనపు రోగములలో కొంత భాగము ఊడ్పు కుంటుపడుటవలననే వచ్చుచున్నదని తేలినది.

మూత్రపిండముల సంగతియు ఇట్టిదే. నలుబది యేండ్లు దాటిన తరువాత వాని వడపోతశక్తి సామాన్యముగా కొంచెము కొంచెము తగ్గుచుండును. ఐనను ఇక్కడ ఒక శుభవార్త గలదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఆరోగ్యవంతులైనవారిని ఏండ్లతరబడి పరీక్షించి 1985లో ప్రకటించిన ఫలితములలో, మూడింట ఒక వంతు మందికి వయస్సు పెరిగినను వడపోతశక్తి తగ్గలేదని తెలిసినది. కాబట్టి ముసలితనము వచ్చిన ప్రతివానికిని జల్లెడలు పాడగుట విధి కాదు. పాడుచేయు కారణములు వేఱే కలవు. వానిలో పెక్కు మన చేతిలోనివే.

ఇక యంత్రముల మాట. రక్తమును శరీరము వెలుపల శుద్ధి చేయు ప్రయత్నము నూఱేండ్లకు పైబడినది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జాన్ ఏబెల్ అను పండితుడు 1913లో కుక్కల నెత్తురును సన్నని గొట్టములగుండా పోనిచ్చి మలినములను తీయు పరికరమును నిర్మించెను. మనుష్యుని బ్రదికించునట్టి యంత్రమును చేసినవాడు హాలెండుదేశపు వైద్యుడు విల్లెమ్ కోల్ఫ్. రెండవ ప్రపంచయుద్ధకాలమున, జర్మనుల స్వాధీనములోనున్న తన దేశమున కాంపెన్ అను చిన్న ఊరిలో, చెక్కబద్దల పీపాకు, మాంసపు వంటకమునకు తొడుగుగా వాడు సెలొఫేను గొట్టమును చుట్టి 1943లో ఆయన ఆ యంత్రమును సిద్ధపఱచెను. మొదటి రెండేండ్లలో ఆయన చికిత్స పొందినవారిలో ఇంచుమించు అందఱును మరణించిరి. ఆయన విడువలేదు. 1945 సెప్టెంబరులో, మూత్రపిండములు పని మాని, తెలివి తప్పిన 67 ఏండ్ల స్త్రీ ఒకతె ఆ యంత్రమువలన కన్ను తెఱచి బ్రదికి బయటపడినది. నేడు మన పట్టణములలో డయాలిసిస్ అను పేర జరుగు చికిత్స ఆ చెక్కపీపా సంతానమే.

డయాలిసిస్ ప్రాణదాత, సందేహము లేదు. కాని అది యౌవనదాత కాదు. సామాన్యముగా వారమునకు మూడు మారులు, నాలుగేసి గంటలు దానికి కట్టుబడి యుండవలెను. అనగా వారమునకు 12 గంటలు. స్వంత మూత్రపిండము వారమునకు 168 గంటలును పనిచేయును. యంత్రము మలినమును కొంత తీయును గాని ఎముకల బలమును, నెత్తురు పట్టుటను, రక్తపు పోటును సరిచూచు మూత్రపిండపు తెలివి దానికి లేదు.

రెండవ విధమైన యంత్రము ప్లాస్మాను మార్చునది. రక్తమును బయటికి తీసి, కణములను వేఱుచేసి తిరిగి శరీరములోనికి పంపి, ప్లాస్మాను పాఱబోసి, దానికి మాఱుగా ఆల్బుమిన్ కలిపిన ద్రవమును ఎక్కింతురు. కొన్ని రోగములలో ఇది దివ్యమైన చికిత్స. శరీరపు కావలివారే దారి తప్పి తనవారిపై బాణములు వేయునప్పుడు, ఆ బాణములు ప్లాస్మాలో తేలుచుండును గనుక, ప్లాస్మాను మార్చిన రోగి కోలుకొనును. కాళ్లలో మొదలై పైపైకి ప్రాకి ఊపిరినే ఆపగల గిల్లెన్-బారే అను చచ్చుజబ్బులో ఇది మేలు చేయునని 1985లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షయందు ఋజువైనది. అట్టి రోగము వచ్చినప్పుడు అప్పుచేసియైనను చేయింపవలసినదే.

కాని ముసలితనము అట్టి రోగమేనా? ఇక్కడనే వాదము. వార్ధక్యమును జయింపవలెనను కోరిక మన మెచ్నికోఫునకును ఉండెను. ప్రేవులలోని చెడుక్రిములు విషమును పుట్టించి మనుష్యుని ముదుసలిని చేయుచున్నవని ఆయన తలచెను. బల్గేరియాదేశపు రైతులు పులిసిన పాలు త్రాగి చిరకాలము బ్రదుకుచున్నారని విని, పెరుగువంటి ఆ పదార్థమును తాను నిత్యము పుచ్చుకొనుచు, దీర్ఘాయువునుగూర్చి 1907లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1916లో, తన 71వ యేట ఆయన కాలధర్మము నొందెను. పెరుగు మంచి ఆహారమే. మన పెద్దలకు ఆ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు. కాని అది ముసలితనమును ఆపలేదు. ఎంత గొప్పవాడు చెప్పినను ఆశ వేఱు, ఋజువు వేఱు అని దీనినుండి నేర్వవలసియున్నది.

ఇప్పటి ఆశ ఇట్టిది. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ముసలి ఎలుకను పడుచు ఎలుకను ప్రక్కప్రక్కన కుట్టి, రెంటి నెత్తురును కలియజేయగా, ముసలిదాని కండ గాయమునుండి త్వరగా మానినది. పడుచునెత్తురులో అమృతమున్నదని లోకమున పుకారు పుట్టినది. పడుచువారి ప్లాస్మాను కొని వృద్ధులకు ఎక్కించు వర్తకమును అమెరికాలో కొందఱు మొదలుపెట్టిరి. దానివలన ముసలితనమునకు మేలు కలుగునని ఋజువు లేదనియు, హాని కలుగవచ్చుననియు ఆ దేశపు ఔషధశాఖవారు 2019 ఫిబ్రవరిలో ప్రజలకు హెచ్చరిక చేసిరి. 2020లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ శాస్త్రజ్ఞులు వేఱొక సంగతి చూపిరి. ముసలి ఎలుకల ప్లాస్మాలో సగము తీసి, ఉప్పునీరును ఆల్బుమిన్‌ను ఎక్కించినంతనే కండయు కాలేయమును కొంత కోలుకొన్నవి. పడుచునెత్తురు అవసరమే లేకపోయెను. పాత ప్లాస్మా పలుచనగుటయే చాలినది. 2025లో అమెరికాలో 42 మంది మనుష్యులపై చేసిన ప్లాస్మా మార్పిడి పరీక్షలో, రక్తములోని కొన్ని గుర్తులు పడుచుతనము వైపు జరిగినట్లు వ్రాసిరి.

ఇవి ఆసక్తి గల శోధనలే. నేను వానిని తేలిక చేయను. కాని గమనింపుడు. ఎలుక ఆయువు రెండు మూడేండ్లు, మనది వేఱు. 42 మంది అనగా ఒక చిన్న వీధి జనము. గుర్తులు మారుట వేఱు. పక్షవాతము రాకుండుట, మంచము పట్టకుండుట, ఎక్కువకాలము జీవించుట వేఱు. ఆ ఫలములు కలుగునని ఏ పరీక్షయు ఇంకను చూపలేదు. పైగా పాఱబోయు ప్లాస్మాలో చెడ్డ పదార్థములు మాత్రమే ఉండవు. ఇన్నేండ్లుగా సోకిన రోగములను జ్ఞాపకముంచుకొని కావలికణములు తయారుచేసిన ప్రతిరక్షకములును, నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన పదార్థములును దానితోనే పోవును. చికిత్సలో రక్తపు పోటు పడిపోవుట, సున్నపుధాతువు తగ్గి తిమ్మిరులు పుట్టుట, సూది గ్రుచ్చినచోట క్రిములు చేరుట కలదు. కావున ఎకరము అమ్మెదమని అడుగువారికి నా సమాధానము ఇది: రోగమునకు ప్లాస్మా మార్పిడి కావలసినచో వైద్యుడే చెప్పును; ముసలితనమునకై అమ్ము రక్తశుద్ధికి ఒక సెంటు భూమియైనను అమ్మవద్దు. ఆ భూమి మీ మనుమలది.

"అట్లయిన మేము చేయదగిన దేమియు లేదా?" అందురేమో. ఉన్నది, అదియు స్వల్పవ్యయముతో నున్నది.

మొదటిది, జల్లెడలను పరీక్ష చేయించుకొనుట. మూత్రపిండములు మూగవి. సగముకంటె ఎక్కువ పాడగువఱకు నొప్పి యనవు, ఫిర్యాదు చేయవు. వానిని పాడుచేయువానిలో మొదటివి మధుమేహమును, రక్తపు పోటును. ఏడాదికొకసారి పోటు కొలిపించుకొనుట, చక్కెర చూపించుకొనుట, మూత్రములో ఆల్బుమినును రక్తములో క్రియాటినినును పరీక్షించుకొనుట అఱువదేండ్లు దాటిన ప్రతివారికిని యుక్తము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున, చక్కెరవ్యాధియు పోటును లేని రైతుకూలీలకు సైతము మూత్రపిండములు చెడిపోవుట మనకు తెలిసిన దుఃఖమే. దానికి కారణము ఇదియే అని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. ఆ ప్రాంతమువారు వయస్సుతో నిమిత్తము లేకుండ ముందుగనే పరీక్ష చేయించుకొనుట మేలు.

రెండవది, నొప్పిమాత్రలయెడ భయము. ఒక పెద్దరైతు నాయొద్దకు పాదముల వాపుతో వచ్చెను. మోకాళ్ల నొప్పికి ఊరి అంగడిలో దొరకు మాత్ర దినమునకు రెండు చొప్పున, నాట్లు మొదలు కోతలవఱకు వాడెనట. "ఒంటి నొప్పి పోయినది గదా, మంచిదే యనుకొంటిని" అనెను. ఎండలో చెమటోడ్చి, నీరు తగ్గిన ఒంటితో, పోటుమందులతో కలిపి ఆ మాత్రలు వేయుటచే జల్లెడలకు నెత్తురు చాలకపోయెను. మాత్రలు మానిపించిన తరువాత కొంత కోలుకొనెను, పోయినదంతయు రాలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మున్నగునవి వైద్యుని మాటపై కొలదిదినములు వాడవలసినవే గాని తాంబూలమువలె నిత్యము వాడదగినవి కావు.

మూడవది, ఉప్పును నీరును. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్నచెంచాడుకు లోపలనే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి మాట. మన ఊరగాయలు, అప్పడములు, ఉప్పుచేపలు ఆ లెక్కను ఒక పూటలోనే దాటించును. మానుమని చెప్పను, నంజుకొనుడు గాని కలుపుకొని తినకుడు. ఎండలో పనిచేయువారు దప్పిక ముదురకముందే మంచినీరు త్రాగుచుండవలెను. గుండెజబ్బు, మూత్రపిండపు జబ్బు గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలత పాటింపవలెను.

నాలుగవది, పేరు తెలియని భస్మములును, రక్తశుద్ధి సీసాలును. ఇట్టి మందులలో కొన్నింటియందు సీసము, పాదరసము ఉన్నట్లు పరీక్షలలో బయటపడినది. శుద్ధి చేయునని త్రాగిన మందే జల్లెడను తూట్లు పొడుచుట చూచుచున్నాము.

ఐదవది, కావలివారిని పోషించుట. ఒక్క మన మూలుగయే దినమునకు సుమారు 10,000 కోట్ల భక్షకకణములను క్రొత్తగా పుట్టించుచున్నది. ఆ పుట్టుకకు మాంసకృత్తులు కావలెను. పండ్లు ఊడిన పెద్దలు చాలమంది మజ్జిగన్నముతో, పచ్చడిమెతుకులతో కాలము గడపుదురు. మెత్తగా ఉడికిన పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు వారి పళ్లెమున ప్రతిదినము ఉండవలెను. చల్లనివేళ అరగంట నడక, రాత్రి చాలినంత నిద్ర కావలివారికి బలమిచ్చును. చుట్ట, బీడి మానవలెను. పొగ ఊపిరితిత్తులలోని భక్షకకణములను మందగింపజేయును. థైమస్ బడి మూతపడినను, ఉన్న కాపరులకు ముందుగా శత్రువు పోలికను చూపించు ఉపాయము ఒకటి గలదు. అది టీకా. పడుచువారియందువలె పూర్తిఫలము నీయకపోయినను, ఫ్లూ జ్వరమునకు ఏటేట ఒకటి, న్యుమోనియాకు వైద్యుడు చెప్పినట్లు ఒకటి వేయించుకొన్న వృద్ధునికి ఆ రోగములు ముదిరి ప్రాణము మీదికి వచ్చుట తగ్గును.

పెద్దలారా! ఈ ఐదింటిలో ఏదియు దూరదేశపు రహస్యము కాదు. ఐనను మన యిండ్లలో ఇవి జరుగుట లేదు. ముఖ్యముగా ఇంటి పెద్దావిడ తన పోటు కొలిపించుకొనుటకై పట్టణమునకు పోవుట ఎన్ని యిండ్లలో చూచితిరి? అందఱు తిన్న తరువాత గిన్నెలో మిగిలిన పప్పుతో సరిపుచ్చుకొను ఆమె కావలివారికి బలమెక్కడిది? మీ మాట ఇంటిలోను ఊరిలోను చెల్లును. మీరు పరీక్షకు పోవునాడు ఆమెను కూడ వెంట తీసికొని పొండు. అంగడిలో నొప్పిమాత్ర అడుగు పిల్లవానిని ఆపి, అది ఎవరికని, ఎన్నాళ్లనుండియని ఒక్క మాట అడుగుడు.